నెగటివ్ పెట్టు నాయినా

పుదుచ్చేరి తట్టాంచావడిలో మైకు సెట్లకు ఆంప్లిఫయర్లు తయారుచేసే ఆ చిన్న ఫ్యాక్టరీలో భోజనాల గంట ఒకటి ఉండేది గానీ, దాన్ని కొట్టిన పాపాన ఎవరూ పోలేదు. అవసరం లేకపోయింది. గేటు దగ్గర అంబుజం గొంతు వినబడితే చాలు, బోర్డుల మీద టంకం పెట్టే ఆడపిల్లలు చేతిలో పని దించేసి లేచేవారు. ముని ఆటోలోంచి గిన్నెలు దిగకముందే ఆమె మాటలు దిగేవి. వాచ్‌మన్ కూతురి దగ్గు తగ్గిందా లేదా, ఎదురు షెడ్డులో కొత్తగా చేరినవాళ్లు ఏ ఊరివాళ్లు, తానుండే మురుంగపాక్కంలో నిన్న ఎవరింటి మేక ఎవరింటి మల్లెచెట్టు మేసింది, అన్నీ విచారించుకుంటూ, చెప్పుకుంటూ, కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చేది. ఆ కథ చివర ఏమైందో తెలిసేదాకా సగం మందికి ముద్ద దిగేది కాదు.

అంబుజంవాళ్లు తరతరాలుగా పుదుచ్చేరిలో పాతుకుపోయిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. రెండూ నోట్లో కలిసిపోయి ఏ మాట ఏ భాషదో ఆమెకే తెలియదు. చదువు రెండో తరగతిలో ఆగిపోయింది, అదీ అరవం బడిలో. జ్ఞాపకం మాత్రం ఎక్కడా ఆగలేదు. ఎవరికి వంకాయ పడదో, ఎవరు శనివారం ఉల్లి ముట్టరో, ఎవరి మజ్జిగలో ఉప్పు వేయకూడదో ఆమెకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు.

ఇంత మాటకారికి దేవుడు జగన్నాథన్‌ని మొగుడిగా ఇచ్చాడు. ఆయన మంచివాడు. తెల్లవారకముందే లేచి కూరగాయలు తరిగి, బియ్యం కడిగి, గిన్నెలు ఆటోలో సర్ది పంపేవాడు. అయితే పెళ్లయిన నాటినుంచి ఆయన నోటివెంట వచ్చే మాట ఒకటే, "ఊ". ఆమె నవ్వుతూ చెప్పినా ఊ, ఏడుస్తూ చెప్పినా ఊ. ఈ సంగతి విని టెస్టింగ్ బల్ల దగ్గర పనిచేసే గురు ఒకనాడు తేల్చి చెప్పాడు.

"మీ ఇంటాయన ఎర్త్, అవ్వా. నువ్వు ఎంత పోసినా ఇంకిపోతాది. తిరిగి ఏమీ రాదు."

"ఎర్త్ అంటే మంచిదా, చెడ్డదా?"

"అది లేకపోతే షాక్ కొడతాది."

"అయితే ఉండనీలే," అంది అంబుజం.

అందుకే ఆ మధ్యాహ్నపు గంటసేపు ఆమెకు ప్రాణం. వంట ఇంట్లోనూ చేసుకోవచ్చు. తిన్నవాడు తిరిగి ఒక మాట అనడం అనేది ఆ ఫ్యాక్టరీలో తప్ప మరెక్కడా దొరకదు.

అక్కడికి వెళ్లి వెళ్లి ఆ శాస్త్రంలో మాటలన్నీ ఆమె నోటికి పట్టుబడ్డాయి. కంచాలు గలగలమంటే "ఆ నాయిజ్ తగ్గించండి, నా సిగ్నలు ఎవురికీ అందలా" అనేది. ఎవడైనా నాలుగోసారి అన్నం అడిగితే "లోడు ఎక్కువైతే ట్రిప్ అయితావు నాయినా" అనేది. నటేశన్ నగర్‌నుంచి వచ్చే ప్రీతిక అక్కడ ఇంజనీరు. దూరపు చుట్టరికం, అవ్వా అని పిలిచేది. ఒకరోజు ఆ పిల్ల, మాట తనంతట తాను దూరం పోలేదనీ, కేరియర్ అనే తరంగం మీద ఎక్కించి పంపుతారనీ, చేరవలసిన చోట చేరాక మాటను తీసుకుని కేరియర్‌ను వదిలేస్తారనీ వివరించింది.

అంబుజం గరిటె ఆపి, "వదిలేస్తారా? కడిగి తిరిగి పంపాల గదా," అంది. "ఈ బుద్ధి ఉండబట్టే గదా, నా కేరియర్లు రెండు ఈ ఫ్యాక్టరీలోనే మాయమైనాయి."

ఇదంతా నవ్వులాటగానే గడిచింది, మిరియాల రసం వచ్చేదాకా.

ఒక వాన రోజు అంబుజం రసంలో మిరియాలు రెండు ఎక్కువ దంచి వేసింది. అందరికీ ముక్కులు వదిలి, ఒళ్లు వెచ్చబడి, "సూపర్ అవ్వా" అన్నారు. ఆమె ముఖం విప్పారింది. మర్నాడు మరి నాలుగు గింజలు వేసింది. మళ్లీ సూపర్ అన్నారు. నిజానికి ఆనాడే కొందరి నాలుక చురుక్కుమంది. అయినా పొగిడితే ఆమె ముఖంలో వచ్చే వెలుగు చూడడానికి ఇంకోసారి అన్నారు. ఆమె ఇంకా వేసింది. వారం తిరిగేసరికి టంకం పెట్టే పిల్లలు భోజనం నుంచి కళ్లనీళ్లతో లేస్తున్నారు. అడిగితే, పొగ మండుతోంది అని చెబుతున్నారు. స్టోర్స్ చూసే తిరుమలై ఒక్కడే "ఇది రసమా, కషాయమా" అని గొణిగాడు గానీ, అది మెల్లగా, తన పక్కవాడికి వినబడేంత మాత్రమే. చివరికి ప్రీతిక కడుపులో మంట పుట్టి ఒక పూట సెలవు పెట్టింది. మర్నాడు వచ్చి మొహమాటం విడిచి చెప్పేసింది.

"అవ్వా, నీ రసం ఊళ పెడతా ఉండాది."

"రసం ఊళ పెట్టేది ఏంది అమ్మీ? నక్కా అది?"

ప్రీతిక ఆమెను టెస్టింగ్ బల్ల దగ్గరికి తీసుకుపోయింది. "ఆంప్లిఫయర్ పని ఏంది అవ్వా? చిన్న శబ్దం లోపలికి పోతే పెద్దదై బయటికి రావాల. ఆ వచ్చినదాంట్లో రొంత మళ్లా లోపలికి పంపిస్తాం. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం."

"విస్తట్లోది మళ్లా కుండలో పోస్తారా? ఎంగిలి గదా."

"ఎంగిలే అనుకో. ఆ ఎంగిలి లోపలికి పోయి, శభాష్ ఇంకా పెంచు అనిందంటే, అది పాజిటివ్. పెంచింది మళ్లా తిరిగొస్తాది, మళ్లా పెంచమంటాది. దానికి అంతు ఉండదు. గురూ, రొంత చూపించు."

గురు మైకు తీసుకుపోయి స్పీకరుకు ఎదురుగా పెట్టాడు. కుయ్యిమని ఒక కేక లేచి, పెరిగి పెరిగి, రేకుల కప్పు మీది కాకులన్నిటినీ లేపేసింది. అంబుజం రెండు చెవులూ మూసుకుంది.

"ఇది పాజిటివ్," అన్నాడు గురు మైకు పక్కకు తిప్పి. "మేం సూపర్ అన్నాం, నువ్వు మిరియం పెంచినావు. మళ్లా సూపర్ అన్నాం, మళ్లా పెంచినావు."

"మరి నెగటివ్ అంటే?"

"చాలు, ఎక్కువైంది, రొంత తగ్గించు అని చెప్పేది," అంది ప్రీతిక. "అది పెడితే శబ్దం రొంత తగ్గుతాది, నిజమే. కానీ మాట చెదరదు. ఇక్కడ తయారయ్యే ప్రతి ఆంప్లిఫయర్‌లోనూ నెగటివే పెడతాం అవ్వా. అది లేకుండా ఒక్కటి కూడా గేటు దాటదు."

అంబుజం వెంటనే ఏమీ అనకపోవడం చూసి గురుకు భయం వేసి నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"అయితే ఇన్నాళ్లూ మీరంతా నన్ను బయటిదాన్ని జేసి ఉంచినారు," అంది చివరికి. "సూపర్ అనేది బయటోళ్లకి. ఇంటోళ్లయితే ఉప్పు చాల్లా అంటారు. రేపటినుంచి నాకు అందురూ నెగటివే పెట్టాల."

ఆ మర్నాటినుంచి ఒక కొత్త ఆచారం మొదలైంది. తిన్నవాళ్లు చేయి కడుక్కోబోయే ముందు అంబుజం గరిటె పట్టుకుని అడ్డం నిలబడేది. "నెగటివ్ పెట్టు నాయినా." ఏదో ఒక వంక చెబితేగానీ దారి ఇచ్చేది కాదు. కొళంబు పులుసులో పులుపు ఎక్కువ, బీన్స్ పొరియల్ కూర ఇంకొంచెం ఉడకాలి, అప్పళం మెత్తబడింది, ఇలా. ఆమె అన్నీ తలలో పెట్టుకుని మర్నాడు సరిదిద్దుకొచ్చేది. నెల తిరక్కుండానే ఆ వంట ఎలా తయారైందంటే, వంక వెతకడం జనానికి కష్టమైపోయింది. అయినా ఆమెను నిరాశపరచలేక, పచ్చడి రంగు బాగాలేదనీ, మజ్జిగ చల్లగా ఉన్నా గ్లాసు వెచ్చగా ఉందనీ ఏదో ఒకటి కల్పించేవారు. ఆ ఫ్యాక్టరీలో నెగటివ్ అనే మాటకు ప్రేమ అని అర్థం స్థిరపడిపోయింది.

అటువంటి చోటికి అనంతరామన్ మేనేజరుగా వచ్చాడు. చెన్నై హెడ్డాఫీసు పంపిన మనిషి. అంతకుముందు సబ్బుల కంపెనీలో ఉండేవాడు. ఆంప్లిఫయర్ మూత ఎప్పుడూ తీసి చూడలేదు, చూడవలసిన పని కూడా లేదు. ఒళ్లు తగ్గాలని మధ్యాహ్నం తన గదిలోనే కూర్చుని డబ్బాలోంచి దోసకాయ ముక్కలు తినేవాడు. అందరి అభిప్రాయాన్నీ గౌరవించాలని ఆయనకు గట్టి పట్టుదల. వచ్చీ రాగానే గురును పిలిచి, భోజనాల గదిలో ఫీడ్‌బ్యాక్ పెట్టె ఒకటి పెట్టమన్నాడు. పాజిటివ్‌కు ఒక బటను, నెగటివ్‌కు ఒక బటను. తిన్నవాళ్లు ఏదో ఒకటి నొక్కాలి. లెక్క నేరుగా చెన్నైకి పోవాలి.

గురు పెట్టె చేశాడు. పచ్చ బటను మీద కూడిక గుర్తు, ఎర్ర బటను మీద తీసివేత గుర్తు వేశాడు. అదే వారం కారైకాల్‌లో ఒక కల్యాణ మండపానికి సెట్టు బిగించే పని పడి ప్రీతిక ఊరు వెళ్లింది. ఆ పిల్ల ఉండి ఉంటే కథ ఇక్కడే ఆగిపోయేది.

"ఇది ఏంది గురూ?" అని అడిగింది అంబుజం పెట్టె చూసి.

"ఫీడ్‌బ్యాక్ పెట్టె అవ్వా. నీ వంటకే."

"ఇందులో నెగటివ్ ఏది?"

"ఎర్రది."

అంతే. ఆ రోజునుంచి ఆమె గరిటె పట్టుకుని ఆ పెట్టె పక్కన నిలబడింది. "ఎర్రది నొక్కు నాయినా. నాకు నెగటివ్ పెట్టు అమ్మీ. పచ్చ జోలికి పోవద్దండి, అది ఊళ." టంకం పెట్టే పిల్లలు అవ్వ అడిగిందని ఎర్రది నొక్కారు. ఇంజనీర్లకు మేనేజరు ఉద్దేశం తెలియక కాదు. మిగతావాళ్లంతా సరిగ్గానే నొక్కుతారు గదా, తనొక్కడు అవ్వ ముచ్చట తీరిస్తే మునిగిపోయేది ఏముంది అని ఒక్కొక్కరూ విడివిడిగా అనుకున్నారు. గురు కూడా అలాగే అనుకున్నాడు. ఇంతమంది తెలివైనవాళ్లు ఒకే సారి ఒకే విధంగా ఆలోచించడం ఆ ఫ్యాక్టరీ చరిత్రలో అదే మొదలు.

తిరుమలై ఆలోచన మాత్రం వేరు. అతని వదిన శివగామి చిన్న మెస్ నడుపుతూ ఉండేది, అంటే నడుస్తూ ఉండగా చూస్తూ ఉండేది. ఈ ఫ్యాక్టరీ భోజనాల కాంట్రాక్టు ఆమెకు ఇప్పిస్తే ఇంట్లో తన మాట చెల్లుతుందని అతని ఆశ. ఇన్నాళ్లూ చూసి చూసి, ఇక్కడ ఎరుపే గౌరవమని అతని మనసులోనూ నాటుకుపోయింది. అందుకని అంబుజం వెనక్కి తిరిగినప్పుడు, దొంగచాటుగా, కసి కొద్దీ పచ్చ బటను నొక్కి పోయేవాడు. రోజూ తప్పకుండా నొక్కాడు, తాను సెలవు పెట్టిన ఒక్క రోజు తప్ప.

శనివారం అనంతరామన్ అంబుజాన్ని గదిలోకి పిలిపించాడు. పెద్దావిడ అని కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. ఎలా చెప్పాలో తెలియక మేజా మీది పెన్నులన్నీ వరసగా పేర్చాడు. తర్వాత అరవంలో మెల్లగా, "అమ్మా, మీ వంటకు దాదాపు అంతా నెగటివే వచ్చింది," అన్నాడు.

అంబుజం ముఖం వెలిగిపోయింది. "అంతా దేవుని దయ సార్."

అనంతరామన్ పెన్నులు చెదిరిపోయాయి. సరిగా వినలేదేమో అనుకుని ఇంకోసారి చెప్పాడు. "ఒక్కరు తప్ప అందరూ నెగటివ్ అనే నొక్కారమ్మా."

"ఆ ఒక్కడు ఎవురు సార్?" ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "పాజిటివ్ పెట్టేంత పాపం నేనేం జేసినాను వాడికి?"

దుఃఖంలో మనుషులు ఏదేదో మాట్లాడతారని అనంతరామన్ ఎక్కడో చదివి ఉన్నాడు. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. అయినా కర్తవ్యం కర్తవ్యమే. సోమవారంనుంచి శివగామి అనే ఆవిడ వంట వారం రోజులు చూస్తామనీ, అది బాగుంటే కాంట్రాక్టు ఆమె పేరుకు మారుతుందనీ, అంబుజం ఇక రావలసిన పని లేదనీ చెప్పాడు. శివగామి పేరు తిరుమలై ముందే అందించి ఉన్నాడు.

అంబుజం ఖాళీ గిన్నెలతో ఆటో ఎక్కింది. దారంతా ఒక్క మాట కూడా లేదు. మురుంగపాక్కం చేరేదాకా ముని మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, మనిషి పడిపోయిందేమోనని.

ఆమెకు అర్థం కాలేదు. అందరూ ఇంటిమనిషి అన్నారు, వాకిట్లోకి రావద్దన్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి కాళ్లు ఇంటి గేటు దాకా నడిచేవి. వెనక్కి వచ్చి మొగుడికి వడ్డించి, ఎదురుగా కూర్చుని, తట్టాంచావడిలో ఈపాటికి ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుని ఉంటారో వరసగా చెప్పేది. జగన్నాథన్ ఊ కొడుతూ తినేవాడు. మూడో రోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఆమె వైపు చూశాడు.

"రసంలో ఉప్పు లేదు," అన్నాడు.

అంబుజం గరిటె జారవిడిచింది. నలభై ఏళ్ల కాపురంలో ఆయన నోట విన్న మొదటి వంక అది. లేచి ఉప్పు తెచ్చి వేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయనకు ఆ మాట అనడం ఎంత కష్టమయ్యుంటుందో ఆమెకు తెలుసు. కానీ ఒక్క మనిషి నెగటివ్‌తో బతుకు నిలబడదు గదా.

ఫ్యాక్టరీలో శివగామి వారం మొదలైంది. ఆమె పప్పులో నీళ్లు పోసిందా, నీళ్లలో పప్పు వేసిందా అని తగువు. కూట్టు కూర పైన చల్లగా, అడుగున మాడి ఉండేది. అన్నంలో గరిటె పెడితే గరిటెతోపాటు అన్నమంతా లేచి వచ్చేది. జనానికి కోపం వచ్చింది. అవ్వను తరిమేసి ఇదా మాకు పెట్టేది అని అందరూ పెట్టె దగ్గరికి పోయి, పళ్లు కొరుకుతూ, కసిగా, పచ్చది నొక్కారు. ఊళ పెట్టనీ అన్నారు. కొందరు రెండుసార్లు నొక్కారు. తిరుమలై మాత్రం వదినమీద అభిమానంతో భక్తిగా ఎర్రది నొక్కాడు.

అనంతరామన్ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. శివగామిని పిలిచి, అందరూ మెచ్చుకుంటున్నారు, ఇలాగే చేయండి అన్నాడు. శివగామి నిజమే అనుకుంది. మనిషి చెడ్డది కాదు, మెచ్చుకుంటే నమ్ముతుంది. మర్నాడు ఇంకాస్త అలాగే చేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది జనం పని. వాళ్లు ఇంకా కోపంగా పచ్చది నొక్కారు.

వారం చివర ప్రీతిక కారైకాల్ నుంచి వచ్చింది. కంచంలో మొదటి ముద్ద పెట్టుకుని, చుట్టూ చూసి, అవ్వ ఏదీ అని అడిగింది. గురు నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాడు.

"ఇంతమంది చదువుకున్నారు," అంది ప్రీతిక. "ఒక్కడికి గూడా బుర్ర ఎలగలా?"

"అవ్వ అడిగింది గదా."

"మరి ఈమెకు పచ్చది ఎవురు నొక్కమన్నారు?"

"కోపం," అన్నాడు గురు. మెల్లగా ఇంకో మాట చేర్చాడు. "ఒకటి జూసినావా. అవ్వకి రోజూ ఒక్క పచ్చ. ఈమెకు రోజూ ఒక్క ఎరుపు. తిరుమలై సెలవు పెట్టిన రోజు మాత్రం ఆ ఒక్కటీ లేదు."

ప్రీతిక అదే కంచం చేత్తో పట్టుకుని మేనేజరు గదిలోకి పోయింది. ఎర్రది నొక్కినవాళ్లంతా బాగుందని నొక్కారనీ, పచ్చది నొక్కినవాళ్లంతా తిట్టుకుంటూ నొక్కారనీ, తమ పనిలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే మైకు కేక పెట్టడమనీ, నెగటివ్ లేకపోతే ఆంప్లిఫయర్ నిలబడదనీ చెప్పింది. అనంతరామన్ ఓర్పుగా విన్నాడు.

"అంటే బాగుంది అనడానికి బాగాలేదు అని నొక్కుతారా?"

"బాగుండాల అని నొక్కుతారు సార్."

"రెండూ ఒకటి కాదు గదమ్మా."

"కాదు సార్. మీరు ఒక్క ముద్ద తినండి."

ఆ ఫ్యాక్టరీలో భోజనం గురించి ఇన్ని లెక్కలు చెన్నైకి పంపిన మనిషి ఆ భోజనం తినడం అదే మొదటిసారి. ఒక ముద్ద తిన్నాడు. రెండోది మింగడానికి నీళ్లు కావలసి వచ్చాయి. దోసకాయ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. సెల్‌ఫోన్ తీసి ప్రీతికకు చూపించాడు.

హెడ్డాఫీసు వాళ్లు ఆయనను మెచ్చుకుంటూ రాశారు. ఒక్క వారంలో అసంతృప్తిని పూర్తి సంతృప్తిగా మార్చినందుకు అభినందనలు. ఇదే పద్ధతి అన్ని యూనిట్లలోనూ ప్రవేశపెట్టడానికి ఆయన సలహా కావాలి. కాంట్రాక్టు శివగామి పేరుకు మార్చడానికి అనుమతి కూడా అందులోనే ఉంది.

"ఇప్పుడు పెట్టె తప్పు అని రాస్తే," అన్నాడు అనంతరామన్, "ఈ మెచ్చుకోలు కూడా తప్పే అవుతుంది గదా."

"అవుతాది సార్."

"ఎలా రాయను?"

ఆయన రాయలేదు. మెచ్చుకోలు ఒకసారి నోటికి తగిలితే ఎవరైనా అంతే. కాకపోతే ఆయనకు ఆకలి అంటే ఏమిటో తెలుసు, అన్యాయం అంటే కూడా కొద్దిగా తెలుసు. కాంట్రాక్టు ఎవరి పేర ఉండాలో చెన్నైవాళ్లు చూస్తారు, పొయ్యి ముందు ఎవరు నిలబడాలో చూడరు అని ఒక దారి కనిపెట్టాడు. ఆ సాయంత్రమే ప్రీతిక శివగామిని వెంటబెట్టుకుని మురుంగపాక్కం పోయింది.

శివగామి గడపలో అడుగుపెట్టడంతోనే చాపమీద చతికిలబడింది. "నాలుగు గంటలకు లేసేది నా వల్ల కాదక్కా. ఈ వారంలో నడుము యాడ ఉండాదో తెలియలా. నువ్వే వండు. నేను ఎనిమిదికి వచ్చి కొత్తిమీర గిల్లి ఇస్తాను. పేరు మాత్రం నాదే ఉండనీ, మా మరిది ఊరంతా చెప్పుకున్నాడు."

ప్రీతిక అంబుజం ముఖం చూసింది. "అవ్వా, నీకు బాధగా లేదా? చేసేది నువ్వు, కాగితంలో పేరు ఈమెది. చెన్నై లెక్క మారగూడదని పెట్టెలో ఇంక అందురూ పచ్చే నొక్కాల. ఆ పచ్చలన్నీ ఈమె పేరుకే పోతాయి."

"పచ్చలన్నీనా?" అంబుజం శివగామి వైపు జాలిగా చూసింది. "పావం. తట్టుకుంటాదా?"

"నాకేం అక్కా, ఎన్నొచ్చినా పెట్టుకుంటా," అంది శివగామి.

"సరి, నీ ఇష్టం. నాకు వాళ్లు నోటితో చెప్పే నెగటివ్ చాలు. అది మాత్రం ఎవురికీ పంచేది లే," అని అంబుజం లేచి, మర్నాటికి పెసలు నానబెట్టింది. ఆ పూటంతా ఆమె మాట్లాడుతూనే ఉంది. శివగామి చాపమీదే నిద్రపోయింది. జగన్నాథన్ ఊ కొట్టాడు.

సోమవారం ముని ఆటో గేటు దగ్గర ఆగకముందే గొంతు వినబడింది. టంకం పెట్టే పిల్లలు పరుగెత్తుకొచ్చి గిన్నెలు అందుకున్నారు. అనంతరామన్ కూడా వచ్చి ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాడు, దోసకాయ డబ్బా లేకుండా. తిన్నవాళ్లు తిన్నట్టు ముందు అవ్వకు ఒక వంక చెప్పి, తర్వాత పెట్టె దగ్గరికి పోయి పచ్చది నొక్కి, చేయి కడుక్కున్నారు. చెన్నైలో శివగామి కీర్తి పెరిగింది. ఇక్కడ కొళంబులో చింతపండు కొద్దిగా తగ్గింది.

తిరుమలై అన్నిటికన్నా చివరి బల్ల దగ్గర, గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నాడు. తనకు కావలసింది అతనికి దొరికింది. కాంట్రాక్టు వదినకు వచ్చింది, ఇంట్లో మాట చెల్లింది. అంబుజం గరిటె పట్టుకుని వచ్చి అతని పక్కన నిలబడింది. గురు చెప్పిన సంగతి ఆమె చెవిన పడిందో లేదో ఆమె ముఖం చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. చుట్టుపక్కల బల్లల దగ్గర నాయిజ్ మాత్రం తగ్గింది.

"నెగటివ్ పెట్టు నాయినా," అంది.

తిరుమలై ఎత్తిన ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. బాగుంది అంటే అంబుజాన్ని మెచ్చుకున్నట్టు. బాగాలేదు అంటే మేనేజరు ఎదురుగా వదిన కాంట్రాక్టుకు వంక పెట్టినట్టు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అతను కంచం వైపు చూశాడు, మూలనున్న అనంతరామన్ వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. అంబుజం తొందరపెట్టలేదు. ఆమెకు ఎంతసేపైనా నిలబడే ఓపిక ఉంది.

చివరికి అతను కంచం ముందుకు జరిపాడు.

"రొంత రసం పోయ్, పెద్దమ్మా."